డబ్బు కట్టి రేస్‌కి పేరు ఇచ్చేస్తే నిజంగా పరుగు మొదలవుతుందా?

గాజువాక_అమ్మ | జులై 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. పరవాడ వైపు ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పొద్దున బస్సు, పగలంతా కుర్చీ, సాయంత్రం మళ్లీ బస్సు. మూడేళ్లుగా ప్రతి జనవరి ఒకటికి నడక మొదలుపెట్టడం, సంక్రాంతి పిండివంటల హడావిడిలో ఆగిపోవడం.

మొన్న ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లాను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే, 32 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి తెల్లవారుజాము అయింది. నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయాను. అయినా ఒక ఆలోచన మాత్రం వదలడం లేదు. రోజూ రెండు కిలోమీటర్లు నడవమంటే తీరిక లేదనే నేను, ఒక తేదీ ఉందనగానే ఆఫీసులో సెలవు పెట్టి మరీ 32 కిలోమీటర్లు నడిచాను.

డిసెంబరులో మన బీచ్ రోడ్డులో వైజాగ్ నేవీ మారథాన్ జరుగుతుంది కదా. అందులో 5కె, 10కె, అంటే 5, 10 కిలోమీటర్ల పరుగులు కూడా ఉంటాయి. ముందే రిజిస్టర్ చేసుకుంటే ఆ భయంతోనైనా పరుగు నేర్చుకుంటానేమో అనిపిస్తోంది. మీలో ఎవరైనా అలా చేశారా? పరుగు వచ్చాక పేరు ఇవ్వాలా, పేరు ఇచ్చి పరుగు నేర్చుకోవాలా? ప్రస్తుతానికి 200 మీటర్లకే ఆయాసం వచ్చేస్తుంది.


కేబీఆర్_ఉదయం | జులై 14, రాత్రి 10:25

పేరు ఇచ్చే నేర్చుకున్నాను మేడమ్. అప్పుడు నాకు 46. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10కెకి డబ్బు కట్టాక తెలిసింది, ఆ దారి నిండా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలేనని. పైగా ఆగస్టు ఉక్క. కట్టాను కాబట్టి కేబీఆర్ పార్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. కట్టకపోతే ఆ పార్కు ముందు నుంచి కారులో పోతూనే ఉండేవాణ్ని.

మన భాషలో 'రేస్' అన్నా 'పోటీ' అన్నా గెలవడమే గుర్తొస్తుంది. అందుకే చాలామంది భయపడతారు. అక్కడికి వెళ్లి చూడండి. ముందు వరుసలో ఉండే కొద్దిమంది తప్ప ఎవరూ ఎవరితోనూ పోటీ పడరు. చిప్ ఉన్న బిబ్ (టీషర్టుకి పెట్టుకునే నంబరు కాగితం) ఇస్తే, మీరు స్టార్ట్ దగ్గర టైమ్ పట్టే చాప దాటిన క్షణం నుంచే మీ టైమ్ మొదలవుతుంది, వెనక నిలబడితే నష్టమేమీ లేదు. 5కెకి చాలాచోట్ల ఆ చిప్ ఉండదు, 10కె నుంచే ఇస్తారు. కట్-ఆఫ్ టైమ్, అంటే ఎంతసేపట్లో ముగించాలో మాత్రం వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.


కరీంనగర్_పరుగు | జులై 14, రాత్రి 11:10

అక్కా, తేదీకి ఎంత బలముందో మా గ్రౌండ్‌లో చూడాలి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే పొద్దుగాల నాలుగున్నరకే గ్రౌండ్ నిండిపోతది. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి, ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. మొదటి రోజు ఒక్క రౌండ్‌కే కూలబడ్డవాళ్లు మూడు నెలల్లో కొట్టేశారు. చెప్పులతో వచ్చిన పిల్లలు కూడా కొట్టేశారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలె. ఈవెంట్స్, అంటే ఆ పరుగు పరీక్షలు అయిపోయిన మరుసటి వారం వస్తే గ్రౌండ్‌లో పది మంది కనిపించరు. ఉద్యోగం వచ్చినోళ్లు రారు, రానోళ్లూ రారు. నేను మిగిలిన పది మందిలో ఒకణ్ని. ఉద్యోగం రాలేదు, పరుగు మిగిలింది. తేదీ మనల్ని గ్రౌండ్ దాకా తెస్తది, ఆ తర్వాతి సంగతి మనమే చూసుకోవాలె.


నాగోల్_నుంచి | జులై 15, ఉదయం 7:05

కాస్త ఆలోచించి చేయండి మేడమ్. మా ఆఫీసులో అందరం కలిసి ఒక హాఫ్ మారథాన్‌కి పేర్లు ఇచ్చాం. అంటే 21 కిలోమీటర్లు. చేతిలో ఏడు వారాలు ఉన్నాయి. అప్పటిదాకా నేను బస్సు కోసం తప్ప పరిగెత్తలేదు. నాలుగో వారంలో కుడికాలు మోకాలి కింద నొప్పి మొదలైంది. డబ్బు కట్టాం, టీషర్టు కూడా వచ్చేసింది, అందరికీ చెప్పేశాం, ఎలా ఆపడం అనుకున్నాను. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తాను. ఆరో వారంలో కాలు కింద పెట్టలేకపోయాను. స్కాన్‌లో ఎముకకి సన్నని పగులు ఉందని తేలింది. రెండు నెలలు పరుగు లేదు, రేస్ లేదు.

ఏ తేదీ అయితే నన్ను లేపిందో అదే నా కాలు విరగ్గొట్టింది. పేరు ఇవ్వొద్దని అనను. దూరం తగ్గించి, వారాలు పెంచి ఇవ్వండి.


ఫిజియో_అక్క | జులై 15, మధ్యాహ్నం 1:30

నాగోల్ గారు చెప్పినది ప్రతి ఒక్కరూ రెండుసార్లు చదవాలి. నా దగ్గరికి ఏటా ఇలాంటి కాళ్లు వస్తూనే ఉంటాయి.

కొత్తగా పరిగెత్తేవాళ్లకి గుండె, ఊపిరి ముందు అలవాటు పడతాయి. నెల, నెలన్నరలో ఆయాసం తగ్గిపోతుంది. ఎముకలు, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు అంత త్వరగా గట్టిపడవు, వాటికి నెలలు కావాలి. అందుకే దెబ్బ తగిలేది మొదటి వారంలో కాదు. 'ఇప్పుడు బాగా పరిగెత్తగలుగుతున్నాను' అనిపించిన నాలుగైదు వారాలకి తగులుతుంది. ఊపిరి బాగుందని కాలిని తోస్తాం, కాలు ఇంకా సిద్ధం కాలేదు.

గాజువాక మేడమ్‌కి డిసెంబరు దాకా ఇరవై వారాలకు పైనే ఉంది. ఇది మంచి గడువు. 'కౌచ్ టు 5కె' అని ఒక పద్ధతి ఉంది. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేశాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదటి వారం ఐదు నిమిషాలు గబగబా నడిచి, ఆ తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా ఇరవై నిమిషాలు. అంతే. 'ఇంతేనా' అనిపించినా దాటి చేయకండి.

వేగం ఎంత ఉండాలని అందరూ అడుగుతారు. పరిగెడుతూ ఏడో ఎక్కం పైకి చెప్పండి. 'ఏడు పదులు డెబ్బై' దాకా మాట తెగకుండా వస్తే అది మీ వేగం. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తగ్గించండి.

బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెట్లెక్కితే ఛాతీలో బరువుగా అనిపించేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.


నెల్లూరు_నడక | జులై 15, రాత్రి 8:15

నాది వేరే మాట, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. తెల్లారి లేచి పరిగెత్తడానికి డబ్బు ఎందుకు కట్టాలండీ? మా నాన్న 74 ఏళ్ల వయసులో కూడా రోజూ పెన్నా గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచేవారు. మెడల్ లేదు, బిబ్ లేదు. పళ్లు తోముకోవడానికి ఎవరైనా పేరు నమోదు చేసుకుంటారా? అలవాటు కావాలి, ఈవెంట్ కాదు. మెడల్ కోసం మొదలుపెట్టినది మెడల్ రాగానే ఆగిపోతుంది. పైన కరీంనగర్ తమ్ముడు చెప్పినదీ అదే కదా.


లండన్_గోదారి | జులై 16, ఉదయం 4:50

నెల్లూరు గారి మాటలో నిజముంది. ఆ అలవాటుకీ తేదీకీ మధ్య ఇక్కడ ఒకటి ఉంది. దాన్ని పార్క్‌రన్ అంటారు. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ప్రతి శనివారం పొద్దున 5 కిలోమీటర్లు, పైసా కట్టక్కర్లేదు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు, చివర్లో దాన్ని స్కాన్ చేసి మన టైమ్ పెడతారు. నిర్వహించేదంతా వాలంటీర్లే. అందరికంటే వెనక ఒక వాలంటీర్ నడుస్తూ వస్తారు కాబట్టి ఆఖరివాళ్లం మనమే అవుతామన్న భయం ఉండదు.

నేను వచ్చిన కొత్తలో ఎవరూ తెలియదు, చలి, చీకటి. శనివారం ఒక్కటే బయటికి వెళ్లేదాన్ని. ఏడాదికి ఒక పెద్ద తేదీ కన్నా వారానికి ఒక చిన్న తేదీ నాకు ఎక్కువ పనిచేసింది. గాజువాకలో మీరే నలుగురు కలిసి 'శనివారం ఐదున్నర' అని పెట్టుకున్నా అదే బలం వస్తుంది అక్కా.


గాజువాక_అమ్మ | జులై 20, రాత్రి 9:15

అందరి మాటలూ మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు తొమ్మిదో తరగతి. 'అమ్మా, ఇప్పుడు కట్టకపోతే డిసెంబరులో కూడా ఇదే చర్చ చదువుతూ ఉంటావు' అన్నాడు.

నెల్లూరు గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు. నా పళ్లు నేనే తోముకుంటాను, నిజమే. కానీ మా ఇంట్లో నా సమయం నా ఒక్కదానిదే కాదు. పొద్దున ఐదింటికి నేను బయటికి వెళ్తానంటే 'ఇవాళ అవసరమా' అని అత్తయ్య అడుగుతారు, తప్పుపట్టలేను. 'రేస్ ఉంది, డబ్బు కట్టాను' అంటే ఆ మాటకి ఇంట్లో విలువ ఉంటుంది. నాకు తేదీ కావాల్సింది నా బద్ధకం కోసం మాత్రమే కాదు, ఇంట్లో ఆ అరగంట నాదని చెప్పుకోవడానికి కూడా.

రిజిస్ట్రేషన్ తెరవగానే 10కెకి పేరు ఇస్తాను. ముందు తొమ్మిది వారాలు 5కె దాకా, మిగిలిన వారాలు పదికి.


నెల్లూరు_నడక | జులై 20, రాత్రి 10:00

ఆ కోణం నాకు తట్టలేదమ్మా. మా నాన్నకి ఇంట్లో ఎవరూ 'అవసరమా' అని అడగలేదు, ఆయన వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉండేది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇవ్వండి పేరు.


షుగర్_మాస్టారు | జులై 21, ఉదయం 6:40

రిటైర్డ్ లెక్కల మాస్టారిని, 63 ఏళ్లు, పదహారేళ్లుగా షుగర్. 5కె అంటే పరుగే అక్కర్లేదు, నడిచినా మెడలో మెడల్ వేస్తారు. గంటలో నడిచేస్తాను. షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. ఇన్సులిన్ గానీ గ్లైమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి పరుగులో షుగర్ పడిపోవచ్చు. మొదటిసారి నాకు చెమటలు, చేతుల వణుకు వచ్చి బెంచీ మీద కూర్చుండిపోయాను. అప్పటి నుంచి జేబులో గ్లూకోజ్ పొట్లం లేకుండా గడప దాటను. మందుల వేళల గురించి మా డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకున్నాను.

ఏడో ఎక్కం పద్ధతి నాకు చాలా నచ్చింది, ఫిజియో అమ్మాయికి ఆశీస్సులు.


గాజువాక_అమ్మ | ఆగస్టు 24, రాత్రి 9:30

డబ్బు కట్టేశాను. కట్టిన రోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, మర్నాడు అలారం కన్నా ముందే లేచాను.

మా వీధిలో కుక్కలు ఎక్కువ. రెండుసార్లు వెంటపడ్డాక రోడ్డు మానేసి దగ్గర్లోని స్కూలు గ్రౌండ్‌కి వెళ్తున్నాను. వాచ్‌మన్ తాతని అడిగితే ఐదున్నరకి గేటు తీస్తానన్నాడు. మొదటి వారం చుడీదార్ మీదే వెళ్లాను, చున్నీ మోకాళ్లకి చుట్టుకుని పడబోయాను. ఇప్పుడు ట్రాక్ ప్యాంటు, పొడుగు టీషర్టు. బూట్లు కొనడానికి సాయంత్రం వెళ్లాను, పగలంతా గడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి. నేను వేసుకునే సైజు కన్నా ఒక సైజు పెద్దది పట్టింది.

ఇవాళ ఐదో వారం మూడో రోజు. నడక లేకుండా ఏకబిగిన ఇరవై నిమిషాలు. ప్లాన్‌లో అది చూసినప్పుడే కాళ్లు వణికాయి. పన్నెండో నిమిషం దగ్గర ఆగిపోదామనుకున్నాను. ఎక్కం మొదలుపెట్టాను. ఏడు ఏళ్లు నలభై తొమ్మిది అనేసరికి పదిహేను దాటింది. ఇరవై అయ్యాక గ్రౌండ్ మధ్యలో నిలబడి ఏడ్చాను. తాత పరిగెత్తుకొచ్చి 'ఏమైందమ్మా, పడ్డావా' అని అడిగాడు.


కేబీఆర్_ఉదయం | ఆగస్టు 24, రాత్రి 10:05

ఆ ఇరవై నిమిషాలే అసలు రేస్ మేడమ్. ఇవాళ మా హైదరాబాద్ మారథాన్ ముగించుకుని గచ్చిబౌలి స్టేడియం నుంచి వచ్చాను, కాళ్లు మంట పుడుతున్నాయి, మీ పోస్టు చూసి హాయిగా ఉంది.


గాజువాక_అమ్మ | అక్టోబరు 19, ఉదయం 8:20

ఫిజియో అక్కా, ఎడమకాలు, మోకాలికీ మడమకీ మధ్య లోపలి అంచున నొప్పి. పది రోజులుగా వానలకి గ్రౌండ్ బురదైతే సిమెంటు రోడ్డు మీద పరిగెత్తాను. మొన్న ఆదివారం ఉత్సాహం కొద్దీ ఒకేసారి 5 నుంచి 8 కిలోమీటర్లకి వెళ్లాను. నాగోల్ గారి పోస్టు గుర్తొచ్చి భయంగా ఉంది.


ఫిజియో_అక్క | అక్టోబరు 19, ఉదయం 9:10

ఎముక అంచు వెంట వేలితో నొక్కుతూ పైనుంచి కిందికి రండి. నొప్పి జానెడు పొడవునా పరుచుకుని ఉందా, ఒక్క చోటే వేలు పెట్టగానే ప్రాణం పోయినట్టు ఉందా? పొద్దున మంచం దిగినప్పుడు, రాత్రి పడుకున్నప్పుడు కూడా ఉందా?


గాజువాక_అమ్మ | అక్టోబరు 19, ఉదయం 9:25

జానెడు పొడవునా ఉంది. పడుకుంటే లేదు.


ఫిజియో_అక్క | అక్టోబరు 19, ఉదయం 9:40

అయితే చాలావరకు కండరం, ఎముక పొర లాగడం వల్ల వచ్చే నొప్పే. అయినా దగ్గర్లో ఎవరికైనా ఒకసారి చూపించండి, పోస్టు చదివి చెప్పడం చూసి చెప్పినట్టు కాదు. పది రోజులు పరుగు బంద్. నొప్పి లేనంత మేర నడవండి. రోజూ గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, పదిహేనేసి మూడుసార్లు. ఆ తర్వాత 4 కిలోమీటర్ల నుంచి మొదలుపెట్టి వారానికి కొంచెమే పెంచండి. ఒక్కచోటే గుచ్చినట్టు నొప్పి వచ్చినా, పడుకున్నప్పుడు కూడా సలిపినా, నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి.


నాగోల్_నుంచి | అక్టోబరు 19, రాత్రి 8:50

మేడమ్, మీరు ఇక్కడ అడిగారు, నేను అప్పుడు ఎవరినీ అడగలేదు. తేడా అంతా అక్కడే ఉంది. పది రోజులు పోతే పోనివ్వండి. రేస్‌లో మధ్యమధ్యలో నడిచినా ఎవరూ మెడల్ లాక్కోరు. జెఫ్ గాలోవే అనే ఒలింపియన్ ఏళ్ల తరబడి నేర్పింది ఆ పరుగూ నడకా కలిపే పద్ధతే. నేను మళ్లీ మొదలుపెట్టినది కూడా దానితోనే, నాలుగు నిమిషాల పరుగుకి ఒక నిమిషం నడక.


కేబీఆర్_ఉదయం | డిసెంబరు 10, రాత్రి 9:00

గాజువాక మేడమ్, ఈ వారమే కదా. కొత్త బూట్లు, కొత్త బట్టలు, కొత్త తిండి ఆ రోజు ఏవీ వద్దు. రోజూ ఏం తిని పరిగెడతారో అదే తినండి. సాక్సు కూడా పాతవే. బట్ట ఒరుసుకునేచోట వాజలీన్ రాయండి. దాహం వేస్తే తాగండి, భయంతో గ్లాసులకి గ్లాసులు మంచినీళ్లు తాగకండి, అది కూడా ప్రమాదమే. మొదటి కిలోమీటరు మీకు సిగ్గు వేసేంత నెమ్మదిగా వెళ్లండి. అందరూ మిమ్మల్ని దాటుకుని పోతారు, పోనివ్వండి.


గాజువాక_అమ్మ | డిసెంబరు 15, రాత్రి 8:45

పూర్తి చేశాను.

శనివారం రాత్రి మా అబ్బాయి టీషర్టుని మంచం మీద పరిచి బిబ్ పెట్టాడు. నాలుగు మూలలా నాలుగు పిన్నీసులు. నా పేరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి ఉంది. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తప్ప నా పేరు అచ్చులో చూసుకున్నది పెళ్లి కార్డు మీదే. మా అత్తయ్య దాన్ని చేత్తో తడిమి చూసి, 'పిన్నీసు గుచ్చుకోదా' అని లోపలివైపు వేలు పెట్టి చూశారు.

మసక చీకట్లో వెళ్లాం. సముద్రం కనపడటం లేదు, హోరు మాత్రం వినిపిస్తోంది. మొదలవగానే మీరందరూ చెప్పినది మర్చిపోయాను. జనం, మైకు, చప్పట్లు. గ్రౌండ్‌లో కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాలు పట్టే నాకు మొదటి కిలోమీటరు ఏడు నిమిషాల లోపే అయిపోయింది. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటుతూ ఎక్కం మొదలుపెడితే 'ఏడు మూళ్లు' దగ్గరే మాట తెగింది. అప్పుడు తగ్గాను. ఒక తల్లీ కూతుళ్లు, నలుగురు నేవీ కుర్రాళ్లు, ఒక పెద్దాయన, అందరూ దాటి వెళ్లారు. వెళ్లనిచ్చాను.

వెనక్కి తిరిగాక ఎండ ముఖానికి కొట్టింది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఎడమకాలు గుర్తుచేసింది. నాగోల్ గారి లెక్క మొదలుపెట్టాను, నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఇందాక నన్ను దాటిన పెద్దాయన నడుస్తూ కనిపించారు. 'రామ్మా, కలిసి వెళ్దాం' అన్నారు. ఆఖరి కిలోమీటరు ఇద్దరం మాట్లాడుకోకుండా పక్కపక్కనే పరిగెత్తాం. 1 గంట 27 నిమిషాలు.

మా ఆయన ఫోటో తీయడం మర్చిపోయారు. చప్పట్లు కొడుతున్నారట.


షుగర్_మాస్టారు | డిసెంబరు 15, రాత్రి 9:10

అమ్మా, శభాష్. అంటే కిలోమీటరుకి సగటున 8 నిమిషాల 42 సెకన్లు. నేను 5కె నడిచాను, 58 నిమిషాలు. షుగర్ 112 ఉంది.


కరీంనగర్_పరుగు | డిసెంబరు 15, రాత్రి 9:30

అక్కా మస్తు సంతోషం. ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. మంగళవారం గ్రౌండ్‌కి వస్తున్నారా?


గాజువాక_అమ్మ | డిసెంబరు 21, రాత్రి 9:00

తమ్ముడూ, మంగళవారం వెళ్లలేదు. గురువారం కూడా వెళ్లలేదు. మెడల్ దేవుడి గదిలో మేకుకి వేలాడుతోంది, అలారం మోగితే ఆపేస్తున్నాను. ఇంకో రేస్ దగ్గర్లో లేదు. మీరు జులైలో చెప్పిన ఖాళీ గ్రౌండ్ ఇదేనని అర్థమైంది.

శుక్రవారం వాచ్‌మన్ తాత కూరగాయల బండి దగ్గర కనిపించి, 'ఐదున్నరకి గేటు తీసి చూస్తున్నానమ్మా' అన్నాడు. ఆ మాట రెండు రోజులుగా బుర్రలో తిరుగుతూనే ఉంది. లండన్ చెల్లి చెప్పిన శనివారం పద్ధతి నిన్న మొదలుపెట్టాను. నేను, మా ఆఫీసులో ఒకమ్మాయి, పక్కింటి పిన్నిగారు. పిన్నిగారు నడిచారు. ముగ్గురం ఒక నోటుబుక్కులో తేదీ, టైమ్ రాసి సంతకాలు పెట్టాం.


కొత్త_సభ్యురాలు_వడ్లపూడి | డిసెంబరు 21, రాత్రి 10:20

అక్కా, నేను వడ్లపూడి. జులై నుంచి ఇదంతా చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. నాకు వంద మీటర్లు కూడా రాదు. శనివారం నేనూ రావచ్చా? ఎన్నింటికి రావాలి?


గాజువాక_అమ్మ | డిసెంబరు 21, రాత్రి 10:25

తప్పకుండా రామ్మా. ఐదూ ఇరవైకి స్కూలు గేటు దగ్గర ఉంటాను, అడ్రస్ విడిగా మెసేజ్ పెడతాను. చున్నీ వద్దు. సాక్సు పాతవి వేసుకో.